పరువే పూచీకత్తు

*చీటీ పాట మొదలుకొని లోన్ యాప్ దాకా, తెలుగు నేల మీద అప్పు పుట్టడానికీ వసూలు కావడానికీ నలుగురిలో ఉన్న పేరే ఆధారమవుతూ వచ్చింది. ఆ పేరును ఎవరెవరు ఎలా వాడుకున్నారన్నదే ఈ వారం ముఖచిత్ర కథనం.*

నెల మొదటి వారంలో, జీతాలూ బాడుగలూ చేతికందే రోజుల్లో, తెలుగు పట్టణాల్లోని ఇళ్ళ వసారాల్లోనూ కిరాణా కొట్ల వెనక గదుల్లోనూ అపార్ట్‌మెంట్ల సెల్లార్లలోనూ ఒక చిన్న బజారు గంటసేపు తెరుచుకుని మళ్ళీ మూతపడుతుంది. ఇరవై మంది, కొందరు చాప మీదా కొందరు ప్లాస్టిక్ కుర్చీల్లోనూ సర్దుకుని కూర్చుంటారు. చీటీ నడిపే మనిషి ముందు మూలలు మడతపడిన పొడుగాటి నోటుపుస్తకం, రబ్బరు బ్యాండు చుట్టిన నోట్ల కట్టలు, చల్లారిపోతున్న టీ గ్లాసు ఉంటాయి. 'ఇరవై వేలు' అని ఒకరంటే 'ఇరవై రెండు' అని వెనక నుంచి మరొకరు అందుకుంటారు. పిల్లకు కాలేజీ ఫీజు గడువు దగ్గరపడిన ఇల్లాలు 'ఇరవై అయిదు' అని భర్త మొహం వైపు చూస్తుంది. కొత్త ఆటోకు ముందు సొమ్ము కట్టవలసిన యువకుడు ముప్పై దాకా వెళతాడు. మూడుసార్లు అడిగి పాట ఖాయం చేస్తారు.

దీన్నే చీటీ పాట అంటారు. పాట అంటే వేలం. అయితే మామూలు వేలంలో ఎక్కువ ఇస్తానన్నవాడికి వస్తువు దక్కితే, ఇక్కడ ఎక్కువ వదులుకుంటానన్నవాడికి డబ్బు దక్కుతుంది. నెలకు 5,000 చొప్పున 20 మంది 20 నెలలు కట్టే లక్ష రూపాయల చీటీలో ఆ యువకుడు 30,000 వదులుకుని 70,000 తీసుకుంటే, వదిలిన సొమ్ములో 5,000 నిర్వాహకుడి కమీషన్ కింద పోగా మిగిలిన 25,000ను 20 మందికీ పంచితే తలకు 1,250 వస్తుంది, అంటే ఆ నెల ఒక్కొక్కరూ 3,750 కడితే సరిపోతుంది. అవసరం ఉన్నవాడికి అప్పు, దాచుకునేవాడికి లాభం ఒకే గదిలో ఒకే గంటలో తేలిపోతాయి. బ్యాంకు మేనేజరు గానీ దరఖాస్తు గానీ పొలం కాగితం గానీ మధ్యలోకి రావు.

మొదటి నెలలోనే చీటీ ఎత్తినవాడు మిగిలిన 19 నెలలూ వాయిదాలు కడతాడన్న ధీమా ఎక్కడిదన్న ప్రశ్న ఆ గదిలో ఎవరూ వేయరు, ఎందుకంటే జవాబు అందరికీ తెలుసు. అతడు రేపూ ఇదే వీధిలో నడవాలి, ఇదే కొట్లో ఉప్పూ పప్పూ అరువు తెచ్చుకోవాలి, చెల్లెలికి సంబంధం కుదరాలంటే చూడవచ్చినవారు ముందుగా విచారించేది ఈ నలుగురినే. ఆస్తి తాకట్టు లేనిచోట నలుగురిలో ఉన్న పేరు తాకట్టుగా పనిచేయడాన్ని ఆర్థికవేత్తలు సామాజిక పూచీకత్తు అంటారు. తెలుగువారు ఎప్పటినుంచో దాన్ని పరువు అంటున్నారు.

ఈ పరువు బజారు ఇప్పుడు వార్తల్లో నలుగుతోంది. ఫలానా ఊళ్ళో చీటీల వ్యాపారి బోర్డు తిప్పేశాడనీ, ఫలానా కాలనీవాసులు పోలీసు స్టేషన్ ముందు బైఠాయించారనీ చదవని నెల ఉండదు, చదివిన ప్రతిసారీ 'అత్యాశకు పోతే ఇంతే' అన్న తీర్పూ వినబడుతుంది. ఆ తీర్పులో తొందరపాటు ఉంది, ఎందుకంటే చీటీ చట్టం ఒప్పుకున్న వ్యవహారమే. చిట్ ఫండ్ల మీద 1971లోనే ఆంధ్రప్రదేశ్‌కు సొంత చట్టం ఉండేది. 1982 నాటి కేంద్ర చట్టం 2008లో దాని స్థానంలోకి వచ్చింది. వదులుకునే సొమ్ము చీటీ మొత్తంలో 40 శాతం దాటకూడదని, రిజిస్ట్రారు దగ్గర నమోదు కాని చీటీ నడపకూడదని నిబంధనలున్నాయి. నిర్వాహకుడి కమీషన్ పరిమితిని 5 నుంచి 7 శాతానికి పెంచిన 2019 సవరణలో ఇంకో చిన్న వింత ఉంది. చిట్ ఫండ్‌ను 'ఫ్రాటర్నిటీ ఫండ్', అంటే సౌభ్రాత్ర నిధి, అని కూడా పిలుచుకోవచ్చని పార్లమెంటు ఆ సవరణలో చేర్చింది. అన్నదమ్ముల వరసను వ్యాపారం పేరులోకి ఎక్కించిన చట్టాలు అరుదు.

దేవుడికీ తప్పని వడ్డీ

అప్పును కేవలం లెక్కల వ్యవహారంగా చూడడం తెలుగువారికి ఎన్నడూ అలవాటు లేదు. పద్మావతితో పెళ్ళి ఖర్చు కోసం శ్రీనివాసుడు కుబేరుడి దగ్గర అప్పు చేశాడనీ, దానికి రుణపత్రం రాసిచ్చాడనీ, బ్రహ్మా శివుడూ సాక్షులుగా నిలిచారనీ, కలియుగాంతం దాకా వడ్డీ కడుతూనే ఉంటాడనీ తిరుమల స్థలపురాణం చెబుతుంది. హుండీలో పడే కానుకలు ఆ బాకీలోకే జమ అవుతాయని భక్తుల నమ్మకం. వడ్డీకాసులవాడన్న పేరుతో దేవుణ్ణి పిలుచుకునే సమాజంలో అప్పు చేయడం తప్పు కాలేదు, ఎగ్గొట్టడమే పాపమైంది. ఈ జన్మలో తీర్చని అప్పును పై జన్మలో ఎద్దై పుట్టి తీర్చాలన్న మాట పల్లెల్లో నేటికీ వినబడుతుంది.

ధర్మశాస్త్రాలు ఒత్తిడిని రెండు వైపులా పెట్టాయి. తండ్రి చేసిన అప్పు తీర్చడం కొడుకు ధర్మమని ఒక వైపు చెబుతూనే, వసూలు చేసే వడ్డీ అసలును మించకూడదని ఇంకోవైపు కట్టడి చేశాయి; ఈ రెండో సూత్రాన్నే దామ్‌దుపట్ అంటారు. కోర్టులు మొదటిదాన్ని గట్టిగా పట్టుకుని, పితృరుణం పేరిట కొడుకుల ఆస్తి మీద డిక్రీలు ఇస్తూ పోయాయి గానీ, బొంబాయి ప్రెసిడెన్సీలో చెల్లిన దామ్‌దుపట్ మద్రాసు ప్రెసిడెన్సీ జిల్లాల్లో, అంటే కోస్తా, రాయలసీమల్లో, చెల్లలేదు. అప్పిచ్చినవాడికి అనుకూలమైన ధర్మం మిగిలి, తీసుకున్నవాడికి అనుకూలమైన ధర్మం జారిపోయింది. పంటల ధరలు కుప్పకూలిన ఆర్థికమాంద్యం తర్వాత, రాజాజీ ప్రభుత్వం తెచ్చిన 1938 నాటి మద్రాసు వ్యవసాయదారుల రుణ విముక్తి చట్టం ఆ పాత సూత్రాన్ని కొత్త రూపంలో వెనక్కి తెచ్చింది: అసలుకు రెండింతలు అప్పటికే చెల్లించి ఉంటే ఆ రైతు అప్పు మొత్తం తీరిపోయినట్టేనంది. కొడుకు మెడకు చుట్టుకున్న పితృరుణాన్ని మాత్రం 2005లో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించేదాకా చట్టం వదల్లేదు.

ఊరి వాడుకలో ఈ ధర్మాధర్మాల చిట్టా మరింత సూక్ష్మంగా ఉంటుంది. వడ్డీ లేకుండా నాలుగు రోజులకు ఇచ్చేది చేబదులు. దానికి కాగితం అడగడం అవమానించడమే. నలుగురూ న్యాయమని ఒప్పుకునే రేటు ధర్మవడ్డీ. అది దాటితే రెవెన్యూ స్టాంపు మీద సంతకం, ఇద్దరు సాక్షులు, ప్రాంసరీ నోటు. మూడేళ్ళు గడిస్తే నోటుకు కాలదోషం పడుతుంది, అంటే కోర్టులో చెల్లదు. అందుకే గడువుకు ముందు ఒక చిన్న మొత్తం కట్టించుకుని నోటు వెనక చెల్లు రాయించుకోవడమో, నోటునే తిరగరాయించుకోవడమో చేస్తారు. చెల్లు రాయమని అడిగినప్పుడు 'నా మీద నమ్మకం లేదా' అని నొచ్చుకునేవారూ, ఆ నొచ్చుకోవడాన్నే ఆసరాగా చేసుకుని కాలదోషం పట్టించేవారూ ఒకే ఊళ్ళో ఉంటారు.

కాలవ నీళ్ళు తెచ్చిన పెట్టుబడి

ఈ నమ్మకాల బజారుకు అసలు డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలంటే కోస్తా డెల్టాల దాకా వెళ్ళాలి. 1852లో ధవళేశ్వరం దగ్గర గోదావరి మీద, 1855లో బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్టలు పూర్తయ్యాక వరి పండింది, తిండికి పోను మిగిలింది, మిగిలినదాన్ని వడ్డీకి తిప్పే రైతు కుటుంబాలు లేచాయి. భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో మచిలీపట్నంలో లక్ష రూపాయల చెల్లించిన మూలధనంతో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు ఆ మిగులుకు దొరికిన ఒక దారి. రైస్ మిల్లులు, పొగాకు బ్యారన్లు, లారీలు, మద్రాసులో సినిమాలు, తర్వాత హైదరాబాద్‌లో నిర్మాణ రంగమూ మందుల కంపెనీలూ ఇతర దారులు. 1962లో హైదరాబాద్‌లో మొదలైన మార్గదర్శి వంటి సంస్థలు వీధి చీటీని కంపెనీ రూపంలోకి మార్చి, రసీదు పుస్తకాన్నీ జామీను కాగితాన్నీ దానికి జోడించాయి.

పారిశ్రామికవేత్తలు ఏ సామాజిక నేపథ్యం నుంచి వచ్చారో పరిశోధించిన హరీష్ దామోదరన్ బజారు నుంచి ఫ్యాక్టరీకి, ఆఫీసు నుంచి ఫ్యాక్టరీకి, పొలం నుంచి ఫ్యాక్టరీకి అని మూడు దారులు గుర్తించారు. మార్వాడీలది మొదటి దారి అయితే, కోస్తా రైతు కులాలది మూడోది. 1980లలో ఇదే ప్రాంతంలో తిరిగి రైతు పెట్టుబడిదారుల మీద రాసిన మానవశాస్త్రవేత్త కేరల్ ఉపాధ్య, పెళ్ళి సంబంధాలూ కట్నాలూ వ్యాపారాలతో ఎలా ముడిపడ్డాయో వివరంగా చూపారు. మామగారు ఇచ్చిన పొలం అమ్మి మిల్లులో వాటా కొనడం, బావమరిది సంతకంతో లారీ తీసుకోవడం, వియ్యంకుడి చేత సినిమాకు పెట్టుబడి పెట్టించడం ఇక్కడ వ్యాపార పాఠాల్లో మొదటివి. బయటివాడితో భాగస్వామ్యమంటే వకీలు చేత రాయించిన ఒప్పందం కావాలి, వియ్యంకుడితో భాగస్వామ్యానికి పెళ్ళి శుభలేఖే ఒప్పంద పత్రం.

ఆ శుభలేఖ ఖరీదును ఎవరు భరించారన్నది ఈ విజయగాథల్లో సాధారణంగా రాయని సంగతి. ఆడపిల్లకు ఇచ్చిన ఆస్తి అల్లుడి వ్యాపారంలో మూలధనమై, వ్యాపారం నిలిస్తే అతడి పేరు మీద ఆస్తిగానూ, మునిగితే ఆమె పుట్టింటి నష్టంగానూ లెక్క తేలేది. తెలుగు ఔత్సాహికత గురించి గొప్పగా చెప్పుకునేటప్పుడు, దానికి తొలి వాటాదారులైన ఈ స్త్రీలకు లాభంలో వాటా పంచిన దాఖలాలు తక్కువేనని ఒప్పుకోక తప్పదు.

> లోకమంతా చీటీలే
> నలుగురు కలిసి పోగుచేసి వంతులవారీగా ఒకరికి ఇచ్చే పద్ధతి తెలుగువారికే పరిమితం కాదు. కేరళలో కురి, ఇండోనేషియాలో అరిసన్, చైనీయులలో హుయ్, కొరియాలో కే, జపాన్‌లో తనొమొషి, ఘనాలో సుసు, పశ్చిమాఫ్రికా ఫ్రెంచి దేశాల్లో తోంతీన్ ఇలాంటివే. రైతు సమాజం వ్యాపార సమాజంగా మారేటప్పుడు వచ్చే మధ్య మెట్టు ఇదని మానవశాస్త్రవేత్త క్లిఫర్డ్ గీర్ట్జ్ 1962లో రాశారు. మెట్టు దాటాక చీటీ కనుమరుగవుతుందన్న ఆయన అంచనాను హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు నిజం కానివ్వలేదు.

గీతకు అవతలివారు

పరువు తాకట్టుగా చెల్లాలంటే అవతలివాడు దాన్ని పరువుగా గుర్తించాలి. కులాన్ని బట్టి పరువు కొలతలు మారే సమాజంలో ఒకరి మాట నోటుతో సమానంగా చెల్లితే, మరొకరి నోటుకు కూడా ఇద్దరు అదనపు సాక్షులు కావలసి వస్తారు. ఒకే వీధి, ఒకే కులం, ఒకే గుడి కమిటీ అన్న చుట్టరికం మీద నడిచే చీటీలో లోపలివారికి డబ్బు చవకగా, వేగంగా దొరకడానికి ఏ కారణం పనిచేస్తుందో, బయటివారికి అసలే దొరకకపోవడానికీ అదే కారణం పనిచేస్తుంది. దళితవాడ నుంచి వచ్చిన యువకుడికి వ్యాపారం తెలియక కాదు, సరుకు అరువిచ్చే టోకు వర్తకుడూ అద్దెకు కొట్టు ఇచ్చే యజమానీ జామీను సంతకం పెట్టే బంధువూ ఒకే గీతకు అవతల ఉండడం వల్ల మొదటి అడుగే పడదు. పాలు, టిఫిన్ల వంటి తినే వస్తువుల అమ్మకంలో అంటు పట్టింపు ఆ గీతను మరింత లావు చేసింది. బ్రాహ్మణ భోజన హోటల్ అన్న బోర్డులు పట్టణాల్లో చాలాకాలం వేలాడాయి, అవి రుచికి ఇచ్చిన హామీలు మాత్రమే కావు.

రిజిస్టర్డ్ చిట్ కంపెనీలు కులం అడగవు, జీతం స్లిప్పు అడుగుతాయి. పాట పాడుకున్నవాడు జామీనుగా ప్రభుత్వ ఉద్యోగులను తెచ్చుకోవాలన్నది వాటిలో పాతుకుపోయిన ఆనవాయితీ. చుట్టాల్లో ఒక్క ప్రభుత్వ ఉద్యోగీ లేని ఇంటికి ఆ తలుపూ మూసుకుపోతుంది. పల్లెలో తొలితరం టీచరు అయినవాడి సంతకానికి ఉన్న గిరాకీ అందుకే. రిజర్వేషన్ల వల్ల వచ్చిన ఉద్యోగం ఒక్క ఇంటికి జీతం తెచ్చి ఆగలేదు, పది ఇళ్ళకు జామీనూ తెచ్చింది. ఆ పది ఇళ్ళలో ఇద్దరు వాయిదాలు ఆపితే కోత పడేది మాత్రం ఆ ఒక్క జీతం మీదే. 2005లో పుణెలో మిలింద్ కాంబ్లే దళిత పారిశ్రామికవేత్తల సంఘం డిక్కీని స్థాపించడం, 2016లో ఎస్సీ, ఎస్టీ, మహిళా ఔత్సాహికులకు 10 లక్షల నుంచి కోటి రూపాయల దాకా బ్యాంకు అప్పు కోసం కేంద్రం స్టాండప్ ఇండియా తేవడం ఈ కొరతను పూడ్చే ప్రయత్నాలే.

> గుడిలో తేలిన వడ్డీ
> తమిళనాడులోని చెట్టినాడు నుంచి బర్మా వెళ్ళిన నాట్టుకోట్టై చెట్టియార్లు రంగూన్‌లోని తమ గుడిలో సమావేశమై, తమలో తాము ఇచ్చిపుచ్చుకునే డబ్బుకు నెలవారీ వడ్డీ రేటు నిర్ణయించుకునేవారు. దేవుడి ఎదుట ఒప్పుకున్న రేటు కాబట్టి ఎవరూ తప్పేవారు కాదు. లోపలివారి మధ్య అంత గట్టి నీతి నడిపిన ఈ వ్యవస్థ బయటి బర్మా రైతుకు తనఖా కాగితంగానే కనిపించింది. మాంద్యంలో బాకీల కింద జమ పడిన పొలాలతో దిగువ బర్మాలోని ప్రధాన వరి జిల్లాల్లో వారి వాటా 1930లో 6 శాతం ఉండగా 1938 నాటికి 25 శాతానికి చేరింది.

రోజుకో రూపాయి

పరువుకు కొత్త కొలత కనిపెట్టిన ఘనత నెల్లూరు జిల్లా ఆడవాళ్ళది. అక్షరాస్యతా ఉద్యమం రాత్రి బడుల్లో పలక పట్టిన స్త్రీలు 1992లో దూబగుంటలో సారా దుకాణాన్ని మూయించారు. వర్ధినేని రోశమ్మ పేరు ఊరి పేరుతో కలిసిపోయింది. పక్క ఊళ్ళలో సారా వేలంపాటలు జరగకుండా ఆడవాళ్ళు అడ్డుపడ్డారు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. మిగిలిన సారా డబ్బులో రోజుకో రూపాయి చొప్పున దాచుకుందామన్న పొదుపు లక్ష్మి సంఘాలు ఆ ఊపులోనే పుట్టాయి. కేంద్రం 1982లో మొదలుపెట్టిన డ్వాక్రా పథకం అప్పటిదాకా ఫైళ్ళలో నడుస్తూ ఉండగా, సంఘాలకు బ్యాంకు అప్పులు అందేలా 1992లోనే నాబార్డు 500 సంఘాలతో ప్రయోగంగా చేపట్టిన బ్యాంకు లింకేజీకి ఈ సంఘాలు ప్రాణం పోశాయి.

పదీ పదిహేను మంది స్త్రీలు గుండ్రంగా కూర్చుని, తీర్మానాల పుస్తకంలో వేలిముద్రల పక్కన కొత్తగా నేర్చిన సంతకాలు పెట్టి, తమ పొదుపులోంచి తామే అప్పు ఇచ్చుకునే ఈ ఏర్పాటులో వడ్డీ కూడా సంఘానికే చేరుతుంది. ఒక సభ్యురాలు గేదె చచ్చిపోయి ఈ నెల కట్టలేనంటే, అది అబద్ధమో నిజమో ఎదురింటావిడకు తెలుసు. అబద్ధమైతే నిలదీసేదీ, నిజమైతే రెండు నెలల గడువు ఇద్దామని తీర్మానం రాయించేదీ ఆవిడే. మందలింపూ మన్నింపూ ఒకే నోటి నుంచి రావడమే ఈ సంఘాల బలం. పంట ఎండిపోయిన ఏడాది నిజాయతీపరుణ్ణి పరువు ఒక్కటే బతకనివ్వదు, నలుగురి మన్నింపు కూడా కావాలి.

అరువు తెచ్చుకున్న సిగ్గు

మందలింపును తీసుకుని మన్నింపును వదిలేస్తే ఏమవుతుందో సూక్ష్మరుణ సంస్థలు, అంటే మైక్రోఫైనాన్స్ కంపెనీలు, చూపించాయి. అయిదుగురు స్త్రీలు ఒకరికొకరు పూచీ పడడం, వారం వారం వాయిదా కట్టడం, ఒకరు ఆపితే మిగిలినవారు భరించడం అన్న పద్ధతి బంగ్లాదేశ్‌లో ముహమ్మద్ యూనస్ గ్రామీణ్ బ్యాంకు నుంచి వచ్చింది. అప్పటికే పొదుపు సంఘాలతో కూడబలుక్కోవడం అలవాటైన ఆంధ్రప్రదేశ్ పల్లెలు ఈ కంపెనీలకు దున్ని సిద్ధంగా ఉంచిన చేనులా దొరికాయి. బ్యాగు తగిలించుకుని బైకు మీద వచ్చే వసూలు ఉద్యోగి ఆ ఊరివాడు కాడు, కాకూడదన్నది కంపెనీల పద్ధతి. గేదె చచ్చిందో లేదో అతనికి తెలియదు, తెలిసినా గడువు ఇచ్చే అధికారం లేదు. లక్ష్యం చేరకపోతే అతడి జీతానికే చిక్కు. కట్టేదాకా సమావేశం ముగియదని కూర్చుంటే, ఎండ ఎక్కుతున్న కొద్దీ కూలి పోతున్న తోటివారే ఆ ఒక్కతె మీద విరుచుకుపడేవారు. ఊరికి ఉన్న సిగ్గును ఊరితో సంబంధం లేని కంపెనీ అరువు తెచ్చుకుని వాడుకుంది.

2006 మార్చిలోనే కృష్ణా జిల్లా అధికారులు సుమారు 50 సూక్ష్మరుణ శాఖలను మూయించారు. హెచ్చరిక ఎవరి చెవికీ ఎక్కలేదు. హైదరాబాద్ కేంద్రంగా ఎదిగిన ఎస్‌కేఎస్ మైక్రోఫైనాన్స్ 2010 ఆగస్టులో వాటాల విక్రయంతో 1,600 కోట్ల రూపాయలకు పైగా సేకరించింది. అదే ఏడాది అప్పుల వేధింపులతో ఆత్మహత్యలన్న వార్తలు పెరిగాయి. అక్టోబరు 15న రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. వాయిదా వారానికి కాదు నెలకు ఉండాలనీ, వసూలు ఇంటి గడప మీద కాక గ్రామ పంచాయతీ కార్యాలయం వంటి బహిరంగ స్థలంలోనే జరగాలనీ, వడ్డీ అసలును మించకూడదనీ అది నిర్దేశించింది. ధర్మశాస్త్రాల నాటి దామ్‌దుపట్ 21వ శతాబ్దపు ఆర్డినెన్సులో, ఆ పేరు ఎత్తకుండానే, మళ్ళీ కనిపించడం గమనించదగ్గది.

ఆ తర్వాత వసూళ్ళు దాదాపు నిలిచిపోయాయి. వారాల తరబడి ఠంచనుగా కట్టిన స్త్రీలే కట్టడం మానేశారంటే వారు రాత్రికి రాత్రి నీతి తప్పారని కొందరు తీర్పిచ్చారు గానీ, అదే స్త్రీలు పొదుపు సంఘంలో తాము పెట్టుకున్న వాయిదాను వేరే లెక్కగా చూశారన్న సంగతి ఆ తీర్పుకు లొంగదు. తమలో ఒకరైన ఎదురింటావిడకు కట్టకపోతే తప్పనిపించిన చోట, షేర్ మార్కెట్లో లాభం పంచుకునే కంపెనీకి కట్టకపోతే అంత తప్పనిపించలేదు. రిజర్వు బ్యాంకు మాలేగాం కమిటీని వేసి, వడ్డీకి పరిమితులు పెట్టి వ్యవహారాన్ని తన చేతుల్లోకి తీసుకుంది. రిజర్వు బ్యాంకు పరిధిలోని సంస్థలకు, ఆ ఆర్డినెన్సు స్థానంలో వచ్చిన రాష్ట్ర చట్టం వర్తించదని 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు చెప్పింది.

జేబులోకి దిగిన ఊరు

పరువును తాకట్టు పెట్టుకునే కళలో చివరి పాఠం లోన్ యాప్‌లది. అయిదు నిమిషాల్లో అయిదు వేలు ఇస్తామనే యాప్ ఆస్తి కాగితం అడగదు, ఫోన్లోని నంబర్ల జాబితా చూసేందుకు అనుమతి అడుగుతుంది. పల్లెలో పరువు ఎవరెవరి దగ్గర ఉంటుందో ఆ జాబితాలో సరిగ్గా అవే పేర్లుంటాయి: పెదనాన్న, క్లాస్ టీచరు, ఆఫీసు మేనేజరు, పెళ్ళికావలసిన చెల్లెలి కాబోయే అత్తగారు. వాయిదా తప్పిన మర్నాడే మార్ఫింగ్ ఫోటోలూ దొంగ అన్న సందేశాలూ ఆ నంబర్లన్నిటికీ వెళ్ళేవి. తెలంగాణలో 2020 చివర్లో ఆత్మహత్యలు వరసగా వెలుగు చూశాక, 2021 జనవరిలో రిజర్వు బ్యాంకు కార్యబృందాన్ని నియమించింది, 2022 సెప్టెంబరులో జారీచేసిన మార్గదర్శకాల్లో ఫోన్ నంబర్ల జాబితా, ఫోటోలు, కాల్ వివరాల జోలికి పోకూడదని రుణ యాప్‌లను ఆదేశించింది. చీటీ గదిలో పరువు పోవాలంటే ఇరవై మంది ముందు, వారి ఒప్పుదలతో, అంచెలంచెలుగా పోవాలి. యాప్‌కు అందులో ఏ అంచే అక్కర్లేదు.

> చదివింపుల పుస్తకం
> పెళ్ళి పందిట్లో ఒక బల్ల వేసుకుని కూర్చున్న మనిషి ఎవరెంత ఇచ్చారో గట్టిగా చదివి పుస్తకంలో రాసుకోవడం వల్లనే ఆ కానుకలకు చదివింపులన్న పేరు వచ్చింది. వడ్డీ, గడువు, సాక్షి సంతకం ఏవీ లేని ఈ పద్దులు ఇరవై ఏళ్ళ తర్వాత కూడా తీరుతాయి: అవతలి ఇంట్లో పెళ్ళి కుదరగానే పాత పుస్తకం పెట్టెలోంచి తీసి, ఆనాటి 116కు ఈనాడు ఎంత చదివించాలో ఇంట్లో పెద్ద చర్చే జరుగుతుంది. పుస్తకంలో చూడకుండా తక్కువ చదివించినవారి పేరు మాత్రం ఏ పుస్తకంలో రాయకపోయినా అందరికీ గుర్తుంటుంది.

రెండక్షరాల తిట్టు

వ్యాపారమన్నాక మునగడమూ ఉంటుంది. మునిగినవాడు మళ్ళీ లేచే దారి ఎంత సుగమంగా ఉంటే అంతమంది కొత్తగా దిగుతారన్నది ఔత్సాహికత గురించి అందరూ ఒప్పుకునే మాట. తెలుగులో ఆ దారికి ఉన్న పేరు ఐపీ. ఇన్‌సాల్వెన్సీ పిటిషన్ అన్న ఇంగ్లీషు మాటకు అది పొట్టిరూపం, అప్పులు తీర్చలేని స్థితి వచ్చిందని దివాలా ప్రకటించమని కోర్టును కోరే దరఖాస్తు. 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం కింద, అప్పు 500 రూపాయలుంటే చాలు, ఎవరైనా ఈ పిటిషన్ వేయవచ్చు. వందేళ్ళు దాటినా ఆ 500 మారలేదు. కంపెనీల కోసం 2016లో దివాలా స్మృతి వచ్చినా, అందులో వ్యక్తులకు సంబంధించిన భాగం కంపెనీ అప్పులకు హామీ ఉన్నవారికే 2019 నుంచి అమలవుతోంది. కిరాణా కొట్టు మునిగినవాడికీ మిర్చి కొని నష్టపోయినవాడికీ ఈనాటికీ ఆ పాత చట్టమే గతి.

చట్టం దృష్టిలో ఇది రుణగ్రస్తుడికి ఇచ్చిన రక్షణ: ఉన్న ఆస్తిని కోర్టు రిసీవరుకు అప్పగించి, అందరికీ దామాషాలో పంచి, విడుదల ఉత్తర్వు తీసుకుని కొత్తగా మొదలుపెట్టమంటుంది. ఊరి దృష్టిలో మాత్రం 'ఐపీ పెట్టాడు' అన్నది మోసగాడికి పర్యాయపదం. ఆ చెడ్డ పేరు ఊరికే రాలేదు. ముందు పొలాన్ని భార్య పేరు మీదికీ ఇంటిని బావమరిది పేరు మీదికీ మార్చి, ఆ తర్వాత పిటిషన్ వేసినవారు ప్రతి పట్టణంలోనూ ఉన్నారు. అలాంటి బదలాయింపులు పిటిషన్‌కు ముందు రెండేళ్ళలోపు జరిగితే రద్దు చేసే అధికారం కోర్టుకు ఉంది గానీ, దాన్ని అడిగి సాధించే ఓపిక చిన్న అప్పులిచ్చినవారికి ఉండదు. నిజంగా మునిగినవాడూ ముంచినవాడూ ఒకే మాటతో పిలిపించుకునే చోట, నిజంగా మునిగినవాడు కోర్టు గడప తొక్కడానికి వెనకాడతాడు. చేలో పురుగుమందు డబ్బా వైపో, తెల్లవారుజామున హైదరాబాద్ బస్సు వైపో చూస్తాడు. పరువు మీద నడిచే బజారులో ఓటమికి ధర కట్టే పద్ధతి ఇంకా తయారు కాలేదు.

ఐపీ పెట్టిన కొన్ని వారాలకు కోర్టు నోటీసు రిజిస్టర్డ్ పోస్టులో వస్తుంది. వరస సంఖ్యలతో రుణదాతల పేర్లు, తండ్రుల పేర్లు, ఇంటి నంబర్లు, రావలసిన మొత్తాలు టైపు చేసి ఉంటాయి. పదకొండో నంబరులో తన పేరు చూసుకున్న మనిషి తర్వాత పైకీ కిందికీ చూసుకుంటూ పోతే కనిపించేవన్నీ ఎరిగిన పేర్లే: పాలు పోసే ఆమె, రిటైరైన టీచరు, వాళ్ళ తోడల్లుడు, తనకు ఎన్నడూ చెప్పకుండా నూటికి మూడు రూపాయల వడ్డీకి ఇచ్చిన పక్కింటాయన. నెల మొదటి వారంలో చీటీ వాయిదా కోసం ఒకే చాప మీద కూర్చున్నవారు, కోర్టు వాయిదా నాడు పొద్దున్నే ఒకే బస్సెక్కుతారు.